బోరుకు నీరుగంటి లేడు

మా నాన్న ఫోన్ చేస్తే మొదట రెండే ప్రశ్నలు అడుగుతాడు. పిల్లోళ్ళు బాగుండారా? ఆడ వానలు ఎట్లుండాయి? డాలస్‌లో వాన పడితే కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెలో ఆయనకు ఒరిగేదేముందో నాకిప్పటికీ తెలీదు. రైతు కదా, ఎక్కడ పడ్డా వాన వానే. 2016 ఎండాకాలంలో మాత్రం ఆ రెండూ అడక్కుండానే విషయానికొచ్చాడు. "నాలుగో బోరు గూడా ఎండిపాయ నాయనా. ఇంకా లోతుకు దించితే నీళ్ళు పడ్తాయంటాండారు" అన్నాడు.

మూడెకరాల చీనీ తోట. కాపుకొచ్చిన చెట్లు. వేరుశనగ పోతే ఒక పంటే పోతుంది, చీనీ చెట్టు ఎండితే ఎనిమిదేళ్ళ కష్టం పోతుంది. నేను ఆలోచించలేదు. ఆ సాయంత్రమే డబ్బు పంపించాను. టెంకాయ అరచేతిలో పెట్టుకుని నీటిజాడ చెప్పే ఆయన వచ్చాడు, తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండి వచ్చింది, ఆరువందల ఇరవై అడుగుల దగ్గర రెండంగుళాల నీళ్ళు పడ్డాయి. తోట బతికింది. కొడుకు అమెరికాలో ఉన్నందుకు అక్కరకొచ్చాడని ఊళ్ళో అనుకున్నారట. నాకూ సంతోషమే వేసింది.

మరుసటి సంవత్సరం ఊరికి వెళ్ళినప్పుడు చూస్తే, మా గట్టు పక్కన చిన్నాయన తోట లేదు. మొదళ్ళు మాత్రం ఉన్నాయి. మా కొత్త బోరు పడిన రెండు నెలలకే రెండువందల నలభై అడుగుల ఆయన బోరు ఆగిపోయింది. ఇంకో బోరు వేయించడానికి ఆయనకు అమెరికాలో కొడుకు లేడు. చెట్లు కొట్టి కట్టెలకు అమ్మేశాడు. ఏమనాలో తెలియక నేను నిలబడిపోతే ఆయనే నన్ను ఓదార్చాడు. "నువ్వేం తప్పు జేసినావులే అబ్బోడా. నీ చేన్లో నువ్వు బోరేసుకున్నావు."

ఆ మాట నాతోపాటు విమానం ఎక్కి వచ్చింది. నేను చదివింది కంప్యూటర్ సైన్సు, వ్యవసాయమూ కాదు, న్యాయశాస్త్రమూ కాదు. అయినా ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోయాను. అది చిన్నాయన సొంత మాట కాదని తేలింది. ఆయనకు తెలియకుండానే, 1843లో ఇంగ్లండులో ఒక కోర్టు చెప్పిన తీర్పును ఆయన నాకు తెలుగులో చెప్పాడు.

* * *

లాంకషైర్‌లో ఒక నూలుమిల్లు యజమాని బావి తవ్వుకుని ఆ నీళ్ళతో మిల్లు నడుపుకుంటున్నాడు. కొంతదూరంలో వేరేవాళ్ళు తమ భూమిలో బొగ్గుగని తవ్వారు. బావి ఎండిపోయింది. మిల్లు యజమాని కోర్టుకెక్కాడు. ఆక్టన్ వర్సెస్ బ్లండెల్ అనే ఆ కేసులో కోర్టు ఆలోచించిన తీరు ఇది. నది కంటికి కనిపిస్తుంది, దాని మీద ఎవరికెంత హక్కుందో తేల్చవచ్చు. నేల కింద నీళ్ళు ఎక్కడ పుట్టి ఎటు పోతున్నాయో ఎవరికీ తెలియదు. తెలియనిదానికి హక్కులు పంచలేం. కాబట్టి ఎవరి భూమి కింద దొరికింది వాళ్ళది. పక్కవాడి బావి ఎండితే అది వాడి దురదృష్టం. మిల్లు యజమాని ఓడిపోయాడు.

ఆ సూత్రం ఓడెక్కి రెండు దిక్కులకు పోయింది. ఒక దిక్కు మనది. 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలో, తన భూమి కింద కాలువలా పారకుండా ఉన్న నీటినంతా తన హద్దుల్లో తోడుకునే హక్కు భూమి యజమానికి ఉందని ఏడో సెక్షను కింద ఒక ఉదాహరణగా రాసి పెట్టారు. ఆ చట్టాన్ని మొదట అమలు చేసిన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. బళ్ళారి జిల్లా నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేసిందీ 1882లోనే. అంటే మా జిల్లా, చిన్నాయన చెప్పిన న్యాయం ఒకే ఈడువన్న మాట.

రెండో దిక్కు నేను ఇప్పుడుంటున్న టెక్సాస్. డాలస్ నుంచి ఉత్తరంగా గంటకు పైగా కారులో పోతే ఒక్లహోమా సరిహద్దుకు ముందు డెనిసన్ అనే ఊరొస్తుంది. అక్కడ ఈస్ట్ అనే ఆయన ఇంట్లో ముప్పై మూడు అడుగుల బావి ఉండేది. ఇంటి వాడకానికి సరిపోయేది. 1901లో రైల్వే కంపెనీ దగ్గర్లోనే అరవై ఆరు అడుగుల లోతున, ఇరవై అడుగుల వెడల్పున బావి తవ్వింది. ఇంజన్లకూ వర్క్‌షాపుకూ రోజుకు 25,000 గ్యాలన్లు, అంటే దాదాపు 95 వేల లీటర్లు తోడింది. ఈస్ట్ బావి ఎండింది. 1904లో టెక్సాస్ సుప్రీంకోర్టు రైల్వే పక్షాన తీర్పు చెప్పింది. భూగర్భజలం కదలిక మనిషికి అంతుబట్టనిదనేది ఒక కారణం. ఇలాంటివాటికి అడ్డు చెబితే వ్యవసాయం, గనులు, రైళ్ళు అన్నీ ఆగిపోతాయనేది రెండో కారణం.

పాపం ఈస్ట్ అనుకుంటూ చదువుతున్నవాణ్ణి ఒక్కసారి ఆగిపోయాను. లోతు బావి తవ్వింది ఎవరు? చేతిలో డబ్బున్నవాడు. చిన్న బావి ఎవరిది? పక్కింటివాడిది. మా ఊరి కథలో రైల్వే కంపెనీని నేనే.

* * *

మరి అంతకు ముందు మనకు వేరే న్యాయం ఉండేదా? ఉండేది. అది నేల కింది నీటికి కాదు, నేల మీది నీటికి. చెరువుకు.

కడప జిల్లా బద్వేలు దగ్గర పోరుమామిళ్ళ చెరువు ఉంది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించి, 1369లో సంస్కృతంలో శాసనం వేయించాడు. చాలా శాసనాల్లో రాజుగారి పొగడ్త ఉంటుంది. ఇందులో అదీ ఉంది గానీ, దాంతోపాటు ఇంజనీరింగు మాన్యువల్ కూడా ఉంది. మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండు, చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా చెప్పారు. జలశాస్త్రం తెలిసినవాడు కావాలి, గట్టి బంకనేల కావాలి, తీయటి నీళ్ళున్న నది కావాలి, దగ్గర్లో రాతిగని కావాలి, పని తెలిసిన మనుషులు కావాలి.

నాకు ఆ ఆరు దోషాలు మరీ నచ్చాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, ఇవి ఎవరికైనా తెలుస్తాయి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడం దోషమన్నారు చూడండి. ఆరున్నర శతాబ్దాల కిందటి ఆ మేధావికి మన అంతర్రాష్ట్ర జలవివాదాలు ముందే కనిపించినట్టున్నాయి. మిగిలినవి రెండు. నీళ్ళు ఎక్కువై నేల తక్కువ కావడం, నీళ్ళు తక్కువై నేల ఎక్కువ కావడం. ఈ ఆఖరి దోషమే ఇవాళ మా మండలాలన్నిటికీ పట్టింది. ఉన్న నీటికి మించి సేద్యం పెట్టుకోకూడదని రాతి మీద చెక్కించి మరీ చెప్పారు.

చెరువు కట్టడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం మరో ఎత్తు. రాయలసీమలో దానికి దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవాడికో, మరమ్మతు చేసేవాడికో కొంత భూమి ఇనాముగా ఇచ్చేవాళ్ళు. ఆ భూమిని అనుభవించినంత కాలం కట్టా తూమూ చూసుకోవడం వాళ్ళ బాధ్యత. ఇక నీళ్ళు వదిలే పని నీరుగంటిది. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి, ఎవరి వంతు ఎప్పుడు, అన్నీ ఆయన చేతిలో. కూలీ కళ్ళంలో ధాన్యం మేర. మరవ పారే దాకా నిండిన ఏడు ఆయకట్టంతా వరి పెట్టేవాళ్ళు. సగమే నిండిన ఏడు తూముకు దగ్గరున్న మళ్ళనే దామాషాగా పంచుకునే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉండేది. చెరువులో నీళ్ళు ఎంతున్నాయో కట్ట మీద నిలబడిన ప్రతివాడికీ కనిపిస్తుంది. అందుకే తగాదా వచ్చినా లెక్క తేలేది.

ఇదంతా రామరాజ్యమని నేననడం లేదు. ఆయకట్టులో భూమి లేనివాడికి చెరువులో వాటా లేదు. నీరుగంటి చాలా ఊళ్ళలో దళితుడు. అందరి మళ్ళకూ నీళ్ళు పెట్టే మనిషి ఊరి బావిలో నీళ్ళు ముట్టడానికి వీల్లేదు. ఆ అన్యాయాన్ని దాచిపెట్టి పాతకాలాన్ని పొగడ్డం నాకిష్టం లేదు. కానీ నీరు అందరిదీ, దానికొక లెక్క ఉండాలి, ఆ లెక్క చూడ్డానికొక మనిషి ఉండాలి అన్న మూడు మాటలూ ఆ ఏర్పాటులో ఉన్నాయి.

* * *

1800లో నిజాం మా సీమ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాక ఆ ఏర్పాటు మెల్లగా సడలింది. చెరువుల మరమ్మతు క్రమంగా సర్కారు పద్దుల్లోకి పోయింది. ఊరివాళ్ళు ఆనవాయితీగా చేసుకునే కట్టపనిని 1858లో నిర్బంధ శ్రమ చట్టంలో పెట్టారు. ఆనవాయితీ చట్టంగా మారాక అది ఊరి పనిగా మిగల్లేదు, సర్కారు వెట్టిగా కనిపించింది. 1876–78 నాటి ధాత కరువు సీమను ఊడ్చిపెట్టుకుపోయాక, 1883లో సర్కారు చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టింది. అది దశాబ్దాలపాటు సాగింది. కానీ కొలతలు, పటాలు చూపినంత శ్రద్ధ నీరుగంటి మీద చూపలేదు.

బావి మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. కపిల తోలినంత కాలం ఎద్దుల శక్తే దానికి హద్దు. రెండెద్దులు ఎంత లాగినా భూమిని ఎండబెట్టలేవు. ఆయిల్ ఇంజను, కరెంటు మోటారు వచ్చాక ఆ హద్దు చెరిగింది. 1983లో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలనే స్లాబు పద్ధతి వచ్చాక, ఎంతసేపు తోడినా ఖర్చు ఒకటే అయింది. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. వీటిని నేను తప్పుపట్టను. చెరువు కింద మడి లేని మా మెట్ట రైతుకు మొదటిసారి నీళ్ళు చూపించింది బోరే. మా నాన్న నన్ను ఇంజనీరింగు చదివించింది బోరునీళ్ళతోనే. కానీ చెరువుకున్న మూడింట్లో ఒక్కటీ బోరుకు లేదు. నీరు నాది, లెక్క లేదు, నీరుగంటి లేడు.

* * *

అమెరికా రైతుకు చదువూ యంత్రాలూ ఉన్నాయి కదా, వాళ్ళు మెరుగ్గా చేసి ఉంటారు అనుకునేవాణ్ణి. కన్సల్టింగు పనిమీద డాలస్ నుంచి డెన్వర్ పోయేటప్పుడు కిటికీలోంచి చూస్తే కింద పచ్చటి గుండ్రాలు, కొత్త రూపాయి బిళ్ళలు పరిచినట్టు కనిపిస్తాయి. ఫ్రాంక్ జైబాక్ అనే రైతు 1952లో పేటెంటు తీసుకున్న సెంటర్ పివట్ గీసిన గుండ్రాలవి. చక్రాల మీద పావుమైలు పొడుగు గొట్టం గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు చల్లుతుంది.

ఆ నీళ్ళు ఒగలాలా అనే భూగర్భజలాశయానివి. సౌత్ డకోటా నుంచి టెక్సాస్ దాకా ఎనిమిది రాష్ట్రాల కింద దాదాపు నాలుగున్నర లక్షల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. అంటే మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఒకటిన్నర రెట్ల పైమాటే. 1930లలో ఈ మైదానాల్లోనే గడ్డినేలలు దున్నిపడేసి, కరువు రాగానే నేలంతా దుమ్మై లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలు చీకటైంది. ఆ నెలలోనే అమెరికా కాంగ్రెసు నేల సంరక్షణ చట్టం చేసింది. నేలను కాపాడుకోవడం నేర్చుకున్నారు. యుద్ధం తరవాత పంపులొచ్చాయి, నీటి విషయంలో మాత్రం పాత పాఠం గుర్తుకు రాలేదు.

మా రాష్ట్రం పడమటి మైదానంలో లబక్ ఉంది. వాన సాలీనా ఐదువందల మిల్లీమీటర్ల లోపే, మా అనంతపురం కన్నా కొంచెం తక్కువ. అక్కడి పత్తి రైతులు నీటిమట్టం ఏటేటా పడిపోవడం చూశారు. 1904 తీర్పు పుణ్యమా అని ఎవరూ ఎవరినీ ఆపలేరు. అప్పుడు షర్బెట్ అనే రైతు ఇన్‌కమ్‌టాక్సు వాళ్ళ మీద కేసు వేశాడు. చమురుబావి తరిగితే పన్ను మినహాయింపు ఇస్తారు కదా, నా భూమి కింద నీరు తరుగుతోంది, నాకూ ఇవ్వండి అని. 1965లో అప్పీలు కోర్టు ఒప్పుకుంది. నీళ్ళు ఎంత తగ్గాయో ఏటా జాగ్రత్తగా కొలిచారు. ఇదీ లెక్కే. కాకపోతే ఆస్తి కరిగిపోతున్నందుకు పరిహారం అడగడానికి వేసిన లెక్క, కరక్కుండా చూసుకోవడానికి కాదు.

ఒగలాలాకూ మన నేలకూ ఒక తేడా ఉంది. అక్కడ ఇసుక, గులకరాళ్ళ మధ్య వేలాది సంవత్సరాలుగా ఊరిన నీళ్ళు. దక్షిణభాగంలో ఏడాదికి అంగుళం కూడా తిరిగి చేరదు. మనది నల్లరాతి నేల. పైనున్న మెత్తటి పొరలో, కింద పగుళ్ళలో పట్టినంతే నీళ్ళు. వాళ్ళది పెద్దలు వేసి పోయిన ఫిక్సెడ్ డిపాజిట్టు, మనది నెలజీతం పడే ఖాతా. జీతం చిన్నదే, అయితే మంచి వాన పడితే మళ్ళీ పడుతుంది. అంటే మనకు ఇంకా అవకాశం ఉంది. ఎంత పడిందో, ఎంత తీస్తున్నామో చూసుకుంటే.

* * *

చూసుకున్నవాళ్ళు రెండుచోట్లా ఉన్నారు.

వాయవ్య కాన్సస్‌లో షెరిడన్ కౌంటీ చుట్టుపక్కల దాదాపు వంద చదరపు మైళ్ళలో రైతులు కూర్చుని మాట్లాడుకున్నారు. కాన్సస్‌లో నీటికి 1945 నుంచీ పర్మిట్లు ఉన్నాయి గానీ, ఉన్న నీటికి మించి ఇచ్చేశారు. 2012లో వచ్చిన ఒక చట్టం ఆసరాతో, ఐదేళ్ళకు కలిపి ఎకరానికి 55 అంగుళాలకు మించి తోడకూడదని తామే కట్టుబాటు పెట్టుకుని 2013లో మొదలుపెట్టారు. అంతకుముందు వాడకంతో పోలిస్తే ఐదోవంతు కోత. ప్రతి పంపుకూ మీటరు. కొందరు మొక్కజొన్న తగ్గించి జొన్న, గోధుమ వేశారు. నీటిమట్టం పడిపోయే వేగం బాగా తగ్గింది. ఆదాయం మాత్రం భయపడినంతగా పడలేదని అధ్యయనాలు తేల్చాయి. గడువు అయిపోయాక మళ్ళీ పొడిగించుకున్నారు.

మన దగ్గర అంతకు పదేళ్ళ ముందే, 2003 నుంచి, నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో ఆరువందలకు పైగా పల్లెల్లో ఇలాంటి పని జరిగింది. ఏపీఫామ్స్ అనేవాళ్ళు. రైతులే, ఆడా మగా, వానమాపకంలో వాన కొలిచేవాళ్ళు, బావుల్లో నీటిమట్టం కొలిచేవాళ్ళు, ఆ అంకెలు ఊరి గోడ మీద రాసేవాళ్ళు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్ళెన్ని, వేయదలచిన పంటలకు కావలసినవెన్ని అని పంటనీటి బడ్జెట్ వేసేవాళ్ళు. వరి తగ్గించమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లోటు కళ్ళకు కనిపించేసరికి చాలామంది తామే పంట మార్చుకున్నారు. ప్రాజెక్టు ముగిశాక అన్ని ఊళ్ళలోనూ అది నిలవలేదు. నీరుగంటికి మేర ఇచ్చినట్టు లెక్కరాసేవాడికి ఇచ్చే ఏర్పాటు ఏదీ మిగలకపోవడమే కారణమని నాకనిపిస్తుంది. కానీ 1843 నాటి కోర్టు మనిషికి అంతుబట్టదన్నదాన్ని మన పల్లె రైతులు తాడూ, నోటుబుక్కూ పట్టుకుని అంతుబట్టించుకున్నారు.

ఇప్పుడు ఆ లెక్క మరీ అవసరం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుకే వాన రోజులు తగ్గి, పడినప్పుడు కుండపోతగా పడటం పెరుగుతోంది. 2018లో వాన లేక ఎండిన సీమలోనే 2021 నవంబరులో చెయ్యేటికి వరదొచ్చి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. ఒక్కసారిగా వచ్చిపడే నీటిని నిలబెట్టి నేలలోకి దింపేది చెరువే. దింపిన దాన్ని ఖాళీ చేసేది బోరే. రెండూ ఒకే చెరువు, సగం నేల మీద, సగం నేల కింద. పైసగానికి నీరుగంటిని పెట్టుకుని, కిందిసగాన్ని డబ్బున్నవాడికి వదిలేశాం.

మొన్న ఎండాకాలం నాన్న మళ్ళీ ఫోన్ చేశాడు, నీళ్ళు తగ్గుతున్నాయని. ఈసారి డబ్బు పంపలేదు, సెలవు పెట్టి నేనే వెళ్ళాను. చిన్నాయననూ పిలిచి, మా బోరు నీళ్ళు రెండు చేన్లకూ వంతులవారీగా పారేలా పైపు వేయించాం. ఆయన చీనీ మళ్ళీ పెట్టలేదు. ఆ నీళ్ళతో తడిపంటగా కొర్రలు, కాస్త వేరుశనగ. మా నాన్న ఒక ఎకరం చీనీ తగ్గించుకున్నాడు, ఆ మాటకు ఒప్పించడానికి నాకు వారం పట్టింది. ఎండిన పాత బోర్లలో ఒకదాంట్లో కొలతతాడు వేలాడదీశాం. వాన పడితే అందులో నీళ్ళు తేలుతాయేమో చూద్దామని. వంతులు చూసేది, లెక్క రాసేది చిన్నాయన. కళ్ళంలో మేర మేమిస్తాం.

ఇది న్యాయం అనను. కొట్టేసిన చెట్లు తిరిగి రావు. ఇరవై ఐదు బోర్లున్న ఊళ్ళో రెండు చేన్ల లెక్క ఎంతని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయితే ఇప్పుడు నాన్న ఫోన్ చేసినప్పుడు మూడో ప్రశ్న నేనడుగుతాను. ఈ వారం తాడు ఎన్ని అడుగుల దగ్గర తడిసింది అని. ఆయన ఫోన్ పక్కకు తిప్పి, గట్టుకు అవతలికి కేకేస్తాడు.